ట్రాన్స్‌పోర్ట్ అంటే బస్సులు లారీలేనా? కణం నుంచి కంటైనర్ షిప్ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రాన్స్‌పోర్ట్ అంటే బండ్లు, రోడ్లు కదా, బయాలజీ వాళ్లకి దీంతో పనేంటి?

నిజానికి వాళ్లకే ఎక్కువ పని అండి. ఒక చోట ఉన్నది ఇంకో చోట కావాలి, అది కావాల్సిన టైమ్‌కి దానంతట అది రాదు, అక్కడ మొదలవుతుంది ట్రాన్స్‌పోర్ట్. ఆ రావాల్సింది సిమెంట్ బస్తా కావచ్చు, ఆక్సిజన్ కావచ్చు, వేడి కావచ్చు, ఫోన్లో మెసేజ్ కావచ్చు. ఫిజిక్స్ వాళ్లకి ఒక రకం ట్రాన్స్‌పోర్ట్, నెట్‌వర్క్ ఇంజినీర్లకి ఇంకో రకం, లెక్కల వాళ్లకి మరో రకం ఉంది, అన్నీ కింద వస్తాయి. మొత్తం చదివే ఓపిక లేని వాళ్లకి రెండు ముక్కలు: దూరం పెరిగే కొద్దీ ఫ్రీగా జరిగే పని ఆగిపోతుంది, అక్కడి నుంచి ఖర్చు మొదలవుతుంది. రెండోది, దారి మధ్యలో కంటే ఎక్కించే చోట, దించే చోటే అసలు తలనొప్పంతా.

దూరం పెరిగితే ఫ్రీగా జరగదు అంటే ఏంటి? కొంచెం వివరంగా చెప్పండి.

ఇది అర్థమైతే మిగతా పేజీ సగం అర్థమైనట్టే. నీళ్లలో అణువులు ఎప్పుడూ అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటాయి, ఎవరూ తొయ్యకపోయినా ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి మెల్లగా పాకుతాయి, దీన్నే స్కూల్ పుస్తకాల్లో విసరణ అంటారు. దీనికి పైసా ఖర్చు లేదు. కానీ చిక్కేంటంటే, దూరం రెండింతలైతే పట్టే టైమ్ నాలుగింతలు అవుతుంది, దూరం పదింతలైతే టైమ్ వందింతలు. కదలని నీళ్లలో ఒక చిన్న అణువు 1 మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దూరం వెళ్లడానికి సుమారు అర మిల్లీసెకండ్ చాలు. 1 మిల్లీమీటర్‌కి 8 నిమిషాలు పైనే. 1 సెంటీమీటర్‌కి దాదాపు 14 గంటలు. 1 మీటర్‌కి? సుమారు 16 ఏళ్లు!

అందుకే ఒకటి రెండు మైక్రాన్లుండే బాక్టీరియాకి గుండె అక్కర్లేదు, రక్తం అక్కర్లేదు, ఏది కావాలన్నా క్షణంలో అదే వచ్చి తగులుతుంది. మనకి అలా కుదరదు. శరీరం ఒక మిల్లీమీటర్ మందం దాటిందంటే ఏదో ఒక గొట్టం, ఏదో ఒక పంపు, ఏదో ఒక దారి ఉండి తీరాలి. ఈ లెక్క కట్టింది అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ ఫిజియాలజిస్ట్, 1855లో. వేడి ఎలా పాకుతుందో ఫోరియర్ 1822లో రాసిన సమీకరణాన్నే తీసుకుని ఉప్పు నీళ్లకి వాడి చూశాడు, సరిపోయింది. వేడి, పదార్థం, ద్రవంలో పొరల మధ్య చేతులు మారే మొమెంటం, ఈ మూడింటికీ ఒకే రకం గణితం నడుస్తుంది కాబట్టే ఇంజినీరింగ్‌లో మూడూ కలిపి ఒకే సబ్జెక్టుగా చెప్తారు.

పాసివ్, యాక్టివ్ ట్రాన్స్‌పోర్ట్ తేడా ఎగ్జామ్‌లో తప్పకుండా వస్తుంది, సింపుల్‌గా చెప్పరా?

ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకి వెళ్తే పాసివ్, దానికి ఎనర్జీ పెట్టక్కర్లేదు. తక్కువ నుంచి ఎక్కువ వైపుకి నెట్టాలంటే యాక్టివ్, దానికి నేరుగానో పరోక్షంగానో ఏటీపీ (కణానికి ఇంధనం లాంటి అణువు) ఖర్చు పెట్టాలి. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే ప్రోటీన్ సాయం ఉంటే అది యాక్టివ్ అనేసుకోవడం. అలా ఏం లేదు. కణం పొరలో నీళ్లు పోవడానికి ఆక్వాపోరిన్ అనే ప్రోటీన్ గొట్టాలుంటాయి, ఒక్కో గొట్టంలో సెకనుకి సుమారు 300 కోట్ల నీటి అణువులు దాటతాయి, అయినా అది పాసివే. పైగా అంత స్పీడులో కూడా ప్రోటాన్‌ని మాత్రం దాటనివ్వదు. దీన్ని కనిపెట్టిన పీటర్ ఆగ్రేకి 2003లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

యాక్టివ్‌కి ఎగ్జాంపుల్ రాయాలంటే సోడియం పొటాషియం పంపు రాయండి. ఒక ఏటీపీ ఖర్చుతో 3 సోడియం అయాన్లని బయటికి నెట్టి 2 పొటాషియం అయాన్లని లోపలికి లాగుతుంది. డెన్మార్క్ సైంటిస్ట్ యెన్స్ స్కౌ 1957లో పీత కాలి నరాల మీద పనిచేస్తూ దీన్ని పట్టుకున్నాడు, నోబెల్ మాత్రం 1997లో వచ్చింది, నలభై ఏళ్ల తర్వాత. మీరు కదలకుండా కూర్చున్నా మెదడు అంత ఎనర్జీ తింటుందంటే అందులో పెద్ద వాటా ఈ పంపులదే.

ఓఆర్ఎస్‌లో ఉప్పు ఉందంటే అర్థముంది, చక్కెర ఎందుకు? రుచి కోసమా?

రుచి కోసం కాదండి. పేగు గోడలో ఒక రవాణా ప్రోటీన్ ఉంది, అది గ్లూకోజ్‌ని ఒంటరిగా తీసుకోదు, ఒక గ్లూకోజ్‌తో పాటు రెండు సోడియం అయాన్లు ఉంటేనే లోపలికి తీసుకెళ్తుంది. సోడియం వెళ్లిన చోటికి వెనకాలే నీళ్లు వెళ్తాయి. అంటే చక్కెర లేకపోతే ఆ తలుపు తెరుచుకోదు, ఉప్పునీళ్లు ఎన్ని తాగించినా పేగులోంచే పోతాయి. రాబర్ట్ క్రేన్ 1960లో ఈ జంట రవాణా సంగతి చెప్పాడు. కలరాలో పేగు అన్నీ బయటికి కక్కేస్తున్నా ఈ ఒక్క దారి మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, ఓఆర్ఎస్ ప్రాణాలు కాపాడేది ఆ సందులోంచే. 2002 నుంచి డబ్ల్యూహెచ్ఓ ఫార్ములాలో లీటరుకి సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజ్ 75 మిల్లీమోల్స్, రెండూ సమానం. బలమొస్తుందని ఇంకో రెండు చెంచాలు చక్కెర కలిపేవాళ్లుంటారు, దయచేసి అలా చెయ్యకండి, ఎక్కువైన చక్కెర నీళ్లని తిరిగి పేగులోకే లాగి విరేచనాలు పెంచుతుంది.

కణం లోపల రెండు కాళ్లతో నడిచే మోటార్ వీడియో వైరల్ అయింది, అది నిజమేనా లేక గ్రాఫిక్సా?

వీడియో గ్రాఫిక్సే, మోటార్ నిజం. దాని పేరు కైనెసిన్, 1985లో కనిపెట్టారు. మైక్రోట్యూబ్యూల్ అనే సన్నని గొట్టం మీద అడుగుకి 8 నానోమీటర్ల చొప్పున నడుస్తుంది, అడుగుకో ఏటీపీ. ఒక తల అతుక్కుని ఉంటే ఇంకో తల ముందుకొస్తుంది. వీడియోల్లో దర్జాగా షికారుకెళ్తున్నట్టు చూపిస్తారు కానీ లోపల చుట్టూ ఉన్న నీటి అణువులు దాన్ని ప్రతి క్షణం అన్ని వైపుల నుంచీ బాదుతూనే ఉంటాయి, ఆ కుదుపుల్లోనే ముందుకి పడిన కుదుపుని పట్టుకుని నిలబడటం దాని ప్రత్యేకత.

దీని అవసరం ఎక్కడ తెలుస్తుందంటే నరాల్లో. వెన్నుపాము దగ్గరున్న కణం నుంచి కాలి వేలి దాకా వెళ్లే నరం తీగ ఒక మీటర్ దాకా ఉంటుంది, పైన చెప్పిన 16 ఏళ్ల లెక్క గుర్తుందిగా, విసరణని నమ్ముకుంటే అంతే సంగతులు. కైనెసిన్ మోసే ఫాస్ట్ సరుకు రోజుకి 200 నుంచి 400 మిల్లీమీటర్లు వెళ్తుంది, అంటే మూడు నుంచి ఐదు రోజుల్లో చేరుతుంది. తిరుగు ప్రయాణానికి డైనీన్ అని ఇంకో మోటార్ ఉంది. రేబిస్ వైరస్ చేసే దొంగపని కూడా ఇక్కడే, కరిచిన చోట నరం చివర్లో ఎక్కి ఆ తిరుగు లైన్‌లోనే పైకి ప్రయాణం చేస్తుంది. మెదడుకి దూరంగా, కాలి మీద కరిస్తే లక్షణాలు సాధారణంగా ఆలస్యంగా రావడానికి, కరిచిన తర్వాత వేసే వ్యాక్సిన్ పనిచెయ్యడానికి కారణం ఈ ప్రయాణ సమయమే. లక్షణాలు మొదలయ్యాక మాత్రం దాదాపు ఏం చెయ్యలేం, కాబట్టి దూరంగానే కరిచింది కదా అని లేట్ చెయ్యకూడదు.

సరే, సరుకు సరైన చోటికే చేరుతుందని గ్యారంటీ ఏంటి?

అడ్రస్ ప్రోటీన్ మీదే రాసి ఉంటుంది, పార్సిల్ మీద పిన్‌కోడ్ లాగా. తయారైన ప్రోటీన్‌లోనే ఒక చిన్న ముక్క ఇది ఎక్కడికి వెళ్లాలో చెప్తుంది, దీన్ని చూపించిన గుంటర్ బ్లోబెల్‌కి 1999లో నోబెల్ వచ్చింది. చిన్న చిన్న బుడగల్లో సరుకు ప్యాక్ అయి, సరైన పొర దగ్గర సరైన టైమ్‌కి కలిసిపోవడం ఎలాగో తేల్చిన రాత్‌మన్, షెక్‌మన్, స్యూదోఫ్‌లకి 2013లో వచ్చింది. ఆ కలిసే చోట పనిచేసే ప్రోటీన్లని కత్తిరించడమే బోటులినం విషం చేసే పని, అంటే ముడతలు పోవడానికి వేసే బొటాక్స్ కూడా సరుకు దింపనివ్వకుండా గేటు మూసే పనే చేస్తోంది.

అడ్రస్ కరెక్టే ఉన్నా దారిలో ఆగిపోయే కేసులూ ఉన్నాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మ్యుటేషన్ వల్ల క్లోరైడ్ ఛానల్ ప్రోటీన్ తయారవుతుంది కానీ మడత సరిగ్గా పడదు, లోపలి తనిఖీలోనే పట్టుబడి ముక్కలైపోతుంది, పొర దాకా రానే రాదు. ఇప్పుడొచ్చిన కొన్ని మందులు ఆ మడత సరిచేసి దాన్ని పొర దాకా చేర్చేవే. నా దృష్టిలో మొత్తం బయాలజీలో ఇంతకంటే అందమైన లాజిస్టిక్స్ పరిష్కారం ఇంకోటి లేదు.

చెట్టుకి గుండె లేదు కదా, అంత ఎత్తుకి నీళ్లెలా ఎక్కుతాయి?

భలే ప్రశ్న. గొట్టంలోని గాలంతా పైనుంచి లాగేస్తే గాలి ఒత్తిడి నీళ్లని 10 మీటర్ల వరకే ఎత్తగలదు, పంపు ఎంత గొప్పదైనా అంతే. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ చెట్లు 115 మీటర్లు దాటి ఉన్నాయి. 1894లో డిక్సన్, జోలీ ఇద్దరూ చెప్పిన సమాధానం ఇప్పటికీ నిలబడింది: ఆకుల పత్రరంధ్రాల్లోంచి నీళ్లు ఆవిరవుతుంటే, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండే నీటి అణువులు కిందున్న వాటిని లాగుతాయి, ఆ లాగుడు వేళ్ల దాకా పాకుతుంది. కరెంటు బిల్లు సూర్యుడిది. ఈ నీళ్లు మోసే దారువు కణాలైతే పని మొదలుపెట్టే టైమ్‌కి చచ్చిపోయి ఖాళీ గొట్టాలుగా మారి ఉంటాయి, చచ్చిపోవడమే వాటి అర్హత. ఈ పద్ధతికి నష్టం కూడా ఉంది, పీల్చిన నీళ్లలో 95 శాతం పైనే ఆవిరైపోతాయి, కరువులో లాగుడు మరీ ఎక్కువైతే మధ్యలో గాలి బుడగ వచ్చి ఆ గొట్టం తెగిపోతుంది.

చక్కెర రవాణా వేరే లైన్, పోషక కణజాలంలో, అది బతికున్న కణాల్లో జరుగుతుంది. 1930లో మ్యూంష్ చెప్పినదాని ప్రకారం ఆకు దగ్గర చక్కెర ఎక్కిస్తారు, దాని వెనకాల నీళ్లొచ్చి ప్రెషర్ పెరుగుతుంది, దించే చోట ప్రెషర్ తగ్గుతుంది, మధ్యలో దానంతట అదే ప్రవహిస్తుంది. చాలా మొక్కలు ఎనర్జీ ఖర్చు పెట్టేది ఎక్కించే చోటే.

రక్తం గురించి క్లుప్తంగా?

విలియం హార్వే 1628లో లెక్క కట్టి చూపించాడు, గుండె అరగంటలో నెట్టే రక్తం శరీరంలో ఉన్న మొత్తం రక్తం కంటే ఎక్కువని, కాబట్టి అదే రక్తం తిరిగి తిరిగి వస్తుండాలని. మధ్యలో కలిపే సన్నని నాళాలు ఆయన కంటికి కనపడలేదు, 1661లో మాల్పీగీ మైక్రోస్కోప్‌లో కప్ప ఊపిరితిత్తుల్లో చూశాడు. రెస్ట్‌లో గుండె నిమిషానికి సుమారు 5 లీటర్లు నెడుతుంది. ఒక ఎర్రకణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు, ఒక్కోటి 4 ఆక్సిజన్‌లు మోస్తుంది. ఎర్రకణం సర్వీసు సుమారు 120 రోజులు.

హిమోగ్లోబిన్ గొప్పతనం పట్టుకోవడంలో కంటే వదలడంలో ఉంది. కష్టపడుతున్న కండరం దగ్గర కార్బన్ డయాక్సైడ్, ఆమ్లం ఎక్కువుంటాయి, అవి తగలగానే పట్టు వదిలేస్తుంది. 1904లో ఇది చూపించింది క్రిస్టియన్ బోర్, ఫిజిక్స్‌లో చదువుకునే నీల్స్ బోర్ గారి నాన్న. కార్బన్ మోనాక్సైడ్ ఎందుకు చంపుతుందంటే ఆక్సిజన్ కంటే 200 రెట్లు పైనే గట్టిగా అతుక్కుని సీటు ఖాళీ చెయ్యదు, మిగిలిన ఆక్సిజన్‌ని కూడా సరిగ్గా దిగనివ్వదు.

చక్రం మనిషి చేసిన గొప్ప ఆవిష్కరణ అంటారు, మరి దక్షిణ అమెరికాలో పాత ఇంకా సామ్రాజ్యం వాళ్లు (ఇంకాలు) ఎందుకు వాడలేదు?

ఎందుకంటే చక్రానికి రోడ్డు కావాలి. చక్రాల బండ్లకి దొరికిన పాత ఆధారాలు సుమారు క్రీ.పూ. 3500 నాటివి. ఇరుసుతో సహా దొరికిన పాత చెక్క చక్రం స్లొవేనియా చిత్తడి నేలల్లోది, దాని వయసు 5 వేల ఏళ్ల పైమాటే. ఇంకాలు ఆండీస్ కొండల్లో 30,000 కిలోమీటర్ల పైన దారులు వేశారు, కానీ వాటిలో మెట్లు, తాడు వంతెనలు ఉంటాయి, అక్కడ బరువులు మోసే లామా అనే జంతువులు, పరుగెత్తే వార్తాహరులే నయం. పాత మెక్సికోలో చక్రాలున్న చిన్న మట్టి బొమ్మలు దొరికాయి, అంటే ఐడియా లేక కాదన్నమాట, లాగే పెద్ద జంతువు లేదు, నేల అలాంటిది. చక్రం లేనివాళ్లు వెనకబడ్డారని రాసే పోస్టులు చూస్తే నాకు చిరాకు.

ఓడ, రైలు, లారీ, విమానం... ఏది చవక, ఎందుకు?

టన్నుకి కిలోమీటర్‌కి లెక్కేస్తే సాధారణంగా ఓడ, తర్వాత రైలు, తర్వాత లారీ, చివర్లో విమానం. ఓడ బరువుని నీళ్లే మోస్తాయి, మెల్లగా పోతే నీటి నిరోధం కూడా తక్కువ. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లితే వచ్చే నిరోధం, రోడ్డు మీద రబ్బరు టైర్‌తో పోలిస్తే పదో వంతు దాకా తగ్గుతుంది. విమానం గాల్లో నిలబడటానికే డబ్బు కట్టాలి. అందుకే ప్రపంచ వ్యాపారంలో పరిమాణం లెక్కన 80 శాతం పైన సముద్రం మీదే నడుస్తుంది, విమానాల్లో వెళ్లేది 1 శాతం లోపే, కానీ విలువ చూస్తే మాత్రం మూడో వంతు దాకా ఉంటుంది, చిప్స్ అంటే మైక్రోచిప్స్, మందులు, ఫోన్లు ఇలాంటివి.

కంటైనర్ అంటే ఒక ఇనప డబ్బా, దానికి అంత బిల్డప్ ఎందుకు?

ఆ డబ్బా రాకముందు ఓడ సగం జీవితం రేవులోనే గడిచిపోయేది. బస్తాలు, పీపాలు, పెట్టెలు, ఒక్కోటి మనుషులు మోసి ఎక్కించాలి, మళ్లీ దించాలి, దారిలో దొంగతనాలు వేరే. లారీల వ్యాపారి మాల్కమ్ మెక్‌లీన్ 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడలో 58 డబ్బాలు న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. విడిగా సరుకు ఎక్కించడానికి టన్నుకి సుమారు 5.8 డాలర్లు అయ్యే రోజుల్లో ఇది 16 సెంట్ల లోపు తేలింది. ఓడ స్పీడు పెరగలేదు, సముద్రం చిన్నదవలేదు, తగ్గిందల్లా ఎక్కించే దించే ఖర్చు. తర్వాత అందరూ ఒకే కొలతకి, ఒకే రకం మూల లాక్‌కి ఒప్పుకోవడంతో ఓడ నుంచి రైలుకి, రైలు నుంచి లారీకి డబ్బా తెరవకుండానే మారిపోతోంది. రేవుల్లో లక్షల మంది కూలీల పని పోయింది, ఆ సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు పెద్ద ఓడలు ఇరవై అడుగుల డబ్బాలు 24,000 పైన మోస్తున్నాయి. అంత పెద్దవైనప్పుడు ఇరుక్కుంటే ఏమవుతుందో 2021 మార్చిలో అందరం చూశాం, 400 మీటర్ల ఎవర్ గివెన్ సూయజ్ కాలువకి అడ్డం పడి 6 రోజులు కదల్లేదు, వెనక వందల ఓడలు నిలబడిపోయాయి.

రోడ్డు వెడల్పు చేస్తే ట్రాఫిక్ తగ్గాలి కదా?

కొన్నాళ్లు తగ్గుతుంది. తర్వాత ఖాళీగా ఉందని ఇంకొందరు బండి తీస్తారు, దూరంగా ఇల్లు తీసుకుంటారు, మళ్లీ మొదటికే వస్తుంది. 1968లో డీట్రిష్ బ్రేస్ అనే లెక్కల మాస్టారు ఇంకా విచిత్రం చూపించాడు, కొన్ని నెట్‌వర్క్‌లలో కొత్త రోడ్డు కలిపితే అందరి ప్రయాణ టైమూ పెరుగుతుంది, ఎందుకంటే ఎవరికి వాళ్లు తమకి దగ్గర దారి చూసుకుంటారు. ఇంకోటి, మనుషులు సగటున రోజుకి సుమారు గంట ప్రయాణానికి పెడతారని జహావీ, ఆ తర్వాత 1994లో మార్కెట్టీ చెప్పారు, కాళ్లతో వెళ్లినా కార్లో వెళ్లినా అంతే, స్పీడు పెరిగితే టైమ్ మిగలదు, ఊరు పెరుగుతుంది. ఇది కచ్చితమైన సూత్రం అనుకోకండి, సగటు పోకడ అంతే.

మెదడు లేని జీవి రైల్వే మ్యాప్ గీసిందంట, నిజమా?

నిజమే. ఫైసారమ్ అనే పసుపు రంగు బూజు లాంటి జీవి, చూడ్డానికి వల లాగా ఎంత పెద్దగా ఉన్నా అదంతా ఒకటే కణం. 2010లో జపాన్, బ్రిటన్ పరిశోధకులు టోక్యో చుట్టుపక్కల ఊళ్లున్న చోట్లలో ఓట్స్ గింజలు పెట్టి, టోక్యో ఉన్న చోట దీన్ని వదిలారు. ముందు అంతటా పాకింది, తర్వాత ప్రవాహం ఎక్కువున్న గొట్టాలు లావెక్కాయి, తక్కువున్నవి సన్నబడి పోయాయి, ఒక రోజు దాటేసరికి మిగిలిన వల అక్కడి అసలు రైల్వే నెట్‌వర్క్‌తో పోల్చదగ్గట్టు తేలింది, ఖర్చులోనూ, ఒక లైన్ తెగితే తట్టుకోవడంలోనూ. ఇంజినీర్ల కంటే తెలివైందని కొందరు రాస్తున్నారు, అంత లేదు, దానికి భూసేకరణ గొడవలు లేవు.

ఇంటర్నెట్‌లో ట్రాన్స్‌పోర్ట్ లేయర్ అంటారు, అక్కడ ఏం మోస్తారు?

డేటా ప్యాకెట్లు. కింద లేయర్ ప్యాకెట్‌ని పంపుతుంది కానీ చేరుతుందని మాటివ్వదు. వరస తప్పినా, దారిలో పోయినా చూసుకుని మళ్లీ పంపించేది టీసీపీ, 1974లో సెర్ఫ్, కాన్ రాసిన డిజైన్ లోంచి వచ్చింది. 1986 అక్టోబర్‌లో బర్క్‌లీలో 400 గజాల దూరంలో ఉన్న రెండు చోట్ల మధ్య స్పీడు సెకనుకి 32,000 బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. కారణం, ప్యాకెట్ చేరలేదనుకుని అందరూ మళ్లీ మళ్లీ పంపడం, దాంతో జామ్ ఇంకా పెరగడం. వాన్ జేకబ్సన్ 1988లో ఇచ్చిన మందు ఏంటంటే మెల్లగా మొదలుపెట్టు, ప్యాకెట్ పోయిందంటే వెంటనే తగ్గించుకో. రోడ్డు మీద మనం చెయ్యలేని పని కంప్యూటర్లు చేస్తున్నాయి.

లెక్కల్లో కూడా ట్రాన్స్‌పోర్ట్ ఉందా?

ఉంది. 1781లో గాస్పార్ మోంజ్ అడిగాడు, ఇక్కడ తవ్విన మట్టిని అక్కడ గట్టుకి పొయ్యాలి, ఏ పార ఎక్కడికి వెళ్తే మొత్తం మోత తక్కువవుతుంది అని. చూడ్డానికి తేలిక, తెమిలింది మాత్రం 1942లో కాంటొరోవిచ్ చేతుల్లో, ప్రశ్నని కొంచెం సడలించాక. ఇప్పుడు రెండు ఫోటోల మధ్య ఎంత తేడా ఉందో కొలవడానికి ఏఐ వాళ్లు కూడా ఇదే వాడుతున్నారు.

గాలి, నీళ్లు మోసేవి కూడా లెక్కేనా?

లెక్కే. సహారా ఎడారి దుమ్ము అట్లాంటిక్ దాటి ఏటా సగటున 2.77 కోట్ల టన్నులు అమెజాన్ అడవి మీద పడుతుందని ఉపగ్రహ కొలతలతో 2015లో లెక్క తేల్చారు. అందులో ఫాస్ఫరస్ 22,000 టన్నుల దాకా, వర్షాలకి అడవి పోగొట్టుకునేది కూడా దాదాపు అంతే. డ్రైవర్ లేడు, డీజిల్ లేదు.

కరెంటు కూడా ట్రాన్స్‌పోర్టేనా?

అవును, కానీ తీగలో ఎలక్ట్రాన్లు పాకేది సెకనుకి మిల్లీమీటర్ లెక్కన, ఒక్కోసారి అంతకంటే తక్కువ. వేగంగా వెళ్లేది ఎనర్జీ.

టెలిపోర్టేషన్ వస్తే ఇవన్నీ అక్కర్లేదు కదా?

క్వాంటమ్ టెలిపోర్టేషన్ అని 1993లో ప్రతిపాదించారు, 1997లో ఫోటాన్లతో, అంటే కాంతి రేణువులతో చేసి చూపించారు. అందులో వెళ్లేది ఆ రేణువు స్థితి మాత్రమే, పదార్థం కదలదు. పైగా అవతలి వైపు దాన్ని పూర్తి చెయ్యడానికి మామూలు సిగ్నల్ ఒకటి ఫోన్ లైన్లోనో ఫైబర్ లోనో వెళ్లాల్సిందే, కాబట్టి కాంతి వేగం దాటడం కూడా కుదరదు.